మార్పు లేదు

నలభై దాటిన మగవాళ్ళు మార్కుల కోసం కళ్ళనీళ్ళు పెట్టుకోవడం మీరెప్పుడైనా చూశారా? నేను ప్రతి శనివారం చూస్తాను. సాయంత్రం నాలుగింటికి మొదలై ఐదింటికి ముగుస్తుంది ఆ కార్యక్రమం.

గాజువాకలో మెయిన్ రోడ్డుకి రెండు సందుల లోపల, రంగుల కొట్టు పైఅంతస్తులో ఉంది మా ట్రైనింగ్ సెంటరు. స్టీలు యార్డుల్లోనూ పోర్టు చుట్టుపక్కల గోడౌన్లలోనూ కాంట్రాక్టు పని చేసేవాళ్ళకి పదిహేను రోజులు భద్రతా పాఠాలు చెప్పి, పరీక్ష పెట్టి, సర్టిఫికెట్ ఇస్తాం. ఆ కాగితం లేనివాణ్ణి కంపెనీలు క్రేను దగ్గర సిగ్నల్ ఇవ్వనివ్వవు. వందకి అరవై వస్తే పాసు. పాఠం చెప్పేదాన్నీ, పేపర్లు దిద్దేదాన్నీ, చివరికి తిట్లు తినేదాన్నీ నేనే. నా పేరు కామేశ్వరి. పదకొండేళ్ళ నుంచి ఇదే ఉద్యోగం.

ఫిర్యాదులు ఎన్ని రకాలో చెబితే మీకు నవ్వొస్తుంది. "జవాబు నాకు తెల్సు మేడమ్, రాయడానికే సెయ్యి రానేదు. తెల్సినందుకు సగం మార్కులైనా ఎయ్యాలి కదండీ" అంటాడు ఒకాయన. పదిహేను రోజులూ మొదటి బెంచీలో కూర్చున్నాను కాబట్టి ఐదు కలపండి అంటాడు ఇంకొకాయన. మరొకాయన ఏకంగా భార్య చేత ఫోన్ చేయించాడు. వాళ్ళాయన ఎంత కష్టపడి చదివాడో, తను ఎన్నిసార్లు టీ పెట్టి ఇచ్చిందో ఆవిడ లెక్క చెప్పుకొచ్చింది. జాలరిపేట నూకాలని ఒకడున్నాడు, వేట మానేసి యార్డులో చేరినవాడు. యాభై రెండు మార్కుల పేపరుతో పాటు సంచిలో వంజరం చేప తెచ్చి నా టేబుల్ కింద పెట్టాడు. "లంచం కాదండి మేడమ్, మాయింట్లో పట్టిన సేప" అన్నాడు. చేపని వెనక్కిచ్చేశాను, యాభై రెండుని యాభై రెండుగానే ఉంచాను. సోమవారం దాకా ఆ గదిలో వాసన పోలేదు.

మొదట్లో నేను ఇంత గట్టిదాన్ని కాదు. ప్రతి కాగితమూ చదివేదాన్ని. మళ్ళీ కూడేదాన్ని. ఒకసారి నిజంగానే నా కూడిక తప్పని తేలి ఒకతనికి రెండు మార్కులు కలిపాను. మర్నాడు మెట్ల మీద ఇరవై ముగ్గురు నిలబడ్డారు. అతనికి కలిపారు, మాకెందుకు కలపరంటూ. అందులో ఒకాయన నా కులం ఏమిటో, ఆ రెండు మార్కులవాడి కులం ఏమిటో కూడా ఆరా తీశాడు. పెద్దవాళ్ళతో వచ్చిన చిక్కే అది. చిన్నపిల్లాడు పరీక్ష తప్పితే తనకి రాలేదనుకుంటాడు. పెద్దవాడు తప్పితే మేడమ్‌కి తన మీద కక్ష అనుకుంటాడు. వాళ్ళు ఆ మెట్ల మీద నిలబడ్డ రోజున నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. రెండింట్లో కోపమే నిలబడింది.

ఆ వారమే డాబాగార్డెన్స్ వెళ్ళి ఒక రబ్బరు స్టాంపు చేయించాను. "పరిశీలించడమైనది. మార్పు లేదు." కింద తేదీ, దాని పక్కన నా సంతకానికి చోటు. ఫిర్యాదు ఏదైనా సరే కాగితం మీద రాసివ్వాలి, శనివారం నాలుగింటి నుంచి ఐదింటి లోపలే ఇవ్వాలి, జవాబు ఆ కాగితం మీదే వస్తుంది. మా డైరెక్టరు శ్రీరామ్మూర్తిగారికి ఈ పద్ధతి తెగ నచ్చింది. గొడవ లేదు, అరుపులు లేవు, ఫైలు మాత్రం నిండుగా ఉంది. స్టాంపు వచ్చాక నేను కాగితాలు చదవడం తగ్గించాను. తర్వాత మానేశాను. ఇప్పుడు దాచుకుని లాభం లేదు కాబట్టి చెబుతున్నాను.

కరీం బాషా ఈ వేసవి బ్యాచ్‌లో వచ్చాడు. నలభై ఏడేళ్ళు. పోర్టు పక్కన పాతనగరంలో ఇల్లు. వాళ్ళ నాన్న పోర్టులో ఖలాసీ, అంటే బరువులకి తాళ్ళూ గొలుసులూ కట్టి ఎత్తించే మనిషి. ఇతనూ ఆ పనిలోనే పెరిగాడు. గాజువాక అవతల ఒక ప్రైవేటు స్టాకు యార్డులో ఇరవై రెండేళ్ళుగా క్రేనుకి సిగ్నల్ ఇస్తున్నాడు. ఇరవై రెండేళ్ళూ అతన్ని ఎవరూ కాగితం అడగలేదు. ఈ ఏడాది కంపెనీ అడిగింది. సిగ్నల్ ఇచ్చేవాడికి ఆకుపచ్చ జాకెట్ ఉంటుంది. మాసి, భుజం దగ్గర కుట్టు వేసిన ఆ జాకెట్ తొడుక్కునే క్లాసుకి వచ్చేవాడు. వెనక బెంచీలో కూర్చుని, నేను బోర్డు మీద రాసిన ప్రతి మాటా నోట్సులోకి ఎక్కించుకునేవాడు.

పరీక్షలో పద్నాలుగో ప్రశ్న ఇది. లోడు కింద మనుషులు ఉన్నప్పుడు సిగ్నల్ ఇచ్చేవాడు వాకీటాకీలో ఏమని చెప్పాలి? నేను చెప్పిన జవాబు "ఏరియా క్లియర్ కాలేదు" అని. క్లాసులో నలభై మంది చేతా పాఠం అప్పజెప్పించినట్టు గట్టిగా పలికించాను కూడా. బాషా రాసింది మాత్రం ఇది: "యేరియా అనే మాట అనగూడదు. బస్ అనాల." రెండు మార్కుల ప్రశ్న. సున్నా చుట్టాను. మొత్తం కూడితే యాభై ఎనిమిది వచ్చింది.

పేపర్లు పంచిన రోజు అతను బెంచీలోంచి లేచాడు.

"మేడమ్, పద్నాలుగులో సున్నా ఏసేరండి."

"బస్ అని రాశారు కదా బాషాగారూ. ఏ నంబరు బస్సు? మధురవాడ దాకా వెళ్తుందా?" అన్నాను.

క్లాసంతా గొల్లుమంది. అతనూ నవ్వాడు. తర్వాత చెయ్యి అడ్డంగా చాచి చూపించాడు.

"బస్ అంటే ఆపమని మేడమ్. మా లైన్లో అందరికీ తెల్సు. ఏరియా అన్నామనుకోండి, పైనున్న క్రేను మనిషికి..."

"పుస్తకంలో ఏముంది?"

"పుస్తకంలో ఏరియా అనే ఉందండి. ఆ పుస్తకం రాసినోరు ఎప్పుడూ లోడు దగ్గర నిలబడ్నట్టు నేదు మేడమ్."

ఆ పుస్తకం రాసింది నేను. ఏదో ఇంగ్లీషు పుస్తకం దగ్గర పెట్టుకుని, మూడు నెలలు కూర్చుని, మనవాళ్ళకి అర్థమయ్యేలా తెలుగులో రాశాను. అట్ట మీద నా పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది, అతను చూసుకోలేదు. ముందు బెంచీలవాళ్ళకి తెలుసు. వాళ్ళు నా మొహం వంకే చూస్తున్నారు. ఒళ్ళు మండింది నాకు.

"ఫిర్యాదు ఉంటే శనివారం కాగితం మీద రాసివ్వండి. కూర్చోండి" అన్నాను.

శనివారం ఇచ్చాడు. రెండు పేజీల కాగితం, నీలం ఇంకు, గుండ్రటి దస్తూరీ. "మా పాప అనమ్ రాసిందండి. పదో తరగతి. నాను సెప్తంటే రాసింది" అన్నాడు. ఆ రోజు పదిహేడు ఫిర్యాదులు వచ్చాయి. ఫ్యాను తిరగడం లేదు. పదిహేడూ వరసగా పేర్చి, పదిహేడింటి మీదా స్టాంపు గుద్ది, సంతకాలు పెట్టాను. పరిశీలించడమైనది. మార్పు లేదు. ఐదు నిమిషాల పని.

తర్వాతి వారం గాజువాక జంక్షన్లో నేను సిటీ బస్సు కోసం నిలబడి ఉంటే ఎదురొచ్చాడు. ఒంటి మీద ఆకుపచ్చ జాకెట్ లేదు. ఫెయిలైనవాడు మళ్ళీ పరీక్ష రాయడానికి మూడు నెలలు ఆగాలి. అంతదాకా హెల్పరు పనే. అతని జాకెట్ మా బ్యాచ్‌లోనే తొంభై నాలుగు మార్కులు తెచ్చుకున్న ఉదయ్‌కుమార్‌కి ఇచ్చారట. డిప్లొమా చదివిన కుర్రాడు, ఇరవై ఆరేళ్ళుంటాయి. నేను చెప్పిందల్లా పొల్లుపోకుండా రాసేవాడు.

"మేడమ్, నా కాయితం సదివేరాండి?" అన్నాడు బాషా.

"చదివాను" అన్నాను.

"మొత్తం సదివేరా?"

"చదవకుండా స్టాంపు వేస్తానా?"

"అయితే మరి ఓకేనండి. మీరు సదివి, కాదన్నారంటే ఏదో ఉండే ఉంటాది. నాను పెద్దగా సదువుకున్నోడ్ని కాదు కదా" అన్నాడు. నా సంచీ బరువుగా ఉందని గమనించి, బస్సు రాగానే దాన్ని అందుకుని లోపలికి అందించాడు. వెనక్కి జరుగుతూ దండం పెట్టాడు.

నేను చెప్పిన అబద్ధాలు వేరే కొన్ని ఉన్నాయి. ఇదొక్కటీ నన్ను వదలడం లేదు.

ఆ అబద్ధం చెప్పిన సరిగ్గా ఇరవై మూడో రోజు, మంగళవారం పొద్దున్న పదకొండింటికి, యార్డులో కరీం బాషా చనిపోయాడు. స్టీలు ప్లేట్ల కట్ట ఒకటి, ఎనిమిది టన్నులది, నడుమెత్తు దాకా లేపి ఆపారు. దాని కింద చెక్క దిమ్మలు సర్దడం హెల్పర్ల పని. బాషా మోకాళ్ళ మీద వంగి దిమ్మ తోస్తున్నాడు. కట్ట అతని మీదికి దిగిపోయింది.

మర్నాడు విచారణకి నన్ను కూడా పిలిచారు, శిక్షణ ఇచ్చింది మా సెంటరే కాబట్టి. యార్డు ఆఫీసు గదిలో పొడుగాటి టేబుల్. ఒక చివర విచారణ అధికారి, మరో చివర కంపెనీ మేనేజరు. మధ్యలో శ్రీరామ్మూర్తిగారు, నేను. ఎదురుగా బెంచీ మీద క్రేను నడిపే అర్జునరావు, ఉదయ్‌కుమార్. అర్జునరావుకి యాభై ఆరేళ్ళు. పోర్టులో బరువులెత్తే వించిల మీద మొదలుపెట్టి ముప్పై ఏళ్ళుగా ఇదే పనట.

"మీకు దించమని ఎవరు చెప్పారు?" అని అడిగాడు అధికారి.

"కుర్రోడు సెప్పేడు బాబూ. వాకీటాకీలో."

ఉదయ్‌కుమార్ దిగ్గున లేచాడు. "నేను చెప్పలేదు సార్. కింద మనిషి ఉన్నాడని ఆపమన్నాను. మేడమ్ నేర్పినట్టే చెప్పాను సార్. ఏరియా క్లియర్ కాలేదు అన్నాను. కావాలంటే మేడమ్‌ని అడగండి."

"ఆరియా అన్నాడండి" అన్నాడు అర్జునరావు. "నా సెవులారా ఇన్నాను. ఆరియా అన్నాడు, తర్వాత గరగర సప్పుడు. మా పనిలో ఆరియా అంటే దించమని బాబూ. హబీస్ అంటే ఎత్తమని. మా తాతల కాణ్ణించీ అదే. ముప్పై ఏళ్ళ బట్టీ ఈ సెవిలో అదే మాట. పడగానే సెయ్యి దానంతటది దింపీసింది. బాషాబావ ఉన్నన్నాళ్ళూ ఎప్పుడూ ఆ మాట తేడాగా రానేదండి. ఈ కుర్రోడొచ్చేక కూడా ఇన్నాళ్ళూ సేతి సైగలతో నడిపించీసేం. నిన్న మజ్జలో సరుకు అడ్డం ఉంది, మనిషి కనపడ్నేదు, మాట మీదే నడిపేం."

ఏరియా. ఆరియా. గదిలో అందరూ మేనేజరు వంక చూస్తున్నారు. నాకు మాత్రం మా నాన్న గుర్తొచ్చాడు.

మా నాన్న భీమశంకరరావు తణుకు దగ్గర పల్లె నుంచి పోర్టు పనికి వచ్చాడు. నా చిన్నప్పుడు డ్యూటీ నుంచి రాగానే నా చంకల కింద చేతులు వేసి "హబీస్!" అంటూ భుజాల మీదికి ఎత్తుకునేవాడు. అమ్మ భోజనానికి పిలిస్తే "ఆరియా... ఆరియా..." అంటూ మెల్లగా పీట మీదికి దించేవాడు. అవి నా కోసం మా నాన్న కల్పించిన మాటలని యాభై ఏళ్ళు వచ్చేదాకా అనుకున్నాను. పోర్టులో పనిచేసిన మనిషి కూతుర్ని. ఆ మాట నా చెవిలో పడే పెరిగాను. లోడు కింద మనుషులున్నప్పుడు అనాల్సిన మాటని "ఏరియా" అని మొదలుపెట్టి, నలభై మంది చేత గట్టిగా పలికించాను. సిగ్గుతో నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. అయినా కూర్చున్నాను. బాషా ఆన్సరు పేపరు నకలు పంపమని అధికారి అంటే అలాగేనన్నాను.

సెంటరుకి వచ్చి ఫైలు తీశాను. పదిహేడు కాగితాల్లో కింది నుంచి నాలుగోది. మొదటిసారి చదివాను.

"గౌరవనీయులైన మేడమ్ గారికి, కరీం బాషా నమస్కరించి రాయించునది. నాకు రెండు మార్కులు కావాలనే రాయడం లేదు. కావాలి, కానీ దాని కోసమే కాదు. పాత క్రేను మనుషులకి ఆరియా అంటే దించు అని అర్థం. మీ పుస్తకంలో ఏరియా అని ఉంది. వాకీటాకీలో సగం మాటే వినపడుతుంది. ఆపమని మనం ఏరియా క్లియర్ కాలేదు అంటే వాళ్ళకి మొదటి ముక్క వినపడి దించేస్తారు. బస్ అంటే ఎవరికైనా ఆపమనే. లేదా ఆపు అని తెలుగులో అయినా రాయండి. నా మార్కులు ఇవ్వకపోయినా పరవాలేదు, పుస్తకంలో ఆ మాట మార్చండి. కుర్రాళ్ళు మీరు చెప్పిందే చెబుతారు. మీ మాట మీద వాళ్ళకి గురి."

దాని మీద, ఏటవాలుగా, నా స్టాంపు. "మార్పు" అన్న అక్షరాలు సరిగ్గా "పుస్తకంలో ఆ మాట మార్చండి" అన్న వరస మీద పడ్డాయి.

శ్రీరామ్మూర్తిగారు వచ్చి నా చేతిలో కాగితం చూశారు. తలుపు దగ్గరికి వేసి, చదివి, మడతపెట్టారు.

"దీన్ని ఎవరడిగారమ్మా?" అన్నారు.

"ఎవరూ అడగలేదు సార్."

"ఎవరూ అడగనిది మనం తీసి చూపించడం దేనికి? వాళ్ళడిగింది ఆన్సరు పేపరు నకలు. పేపరు ఇద్దాం. ఈ యార్డు బ్యాచ్‌లు పోతే సెంటరు మూసుకోవాలి. నువ్వు పోయి ఎక్కడ చెబుతావు పాఠాలు? పోయినాయన తిరిగొస్తాడా?"

ఆయన చెడ్డమనిషి కాదు. భయపడ్డాడు. నేనూ భయపడ్డాను. ఆన్సరు పేపరు నకలు మీద "అసలుతో సరిచూడడమైనది" అని రాసి సంతకం పెట్టాను. పద్నాలుగో ప్రశ్న దగ్గర ఎర్ర సున్నాతో సహా అది విచారణకి వెళ్ళింది. ఫిర్యాదు కాగితం నా సొరుగులో ఉండిపోయింది.

పది రోజుల తర్వాత కంపెనీ తన నివేదిక ఇచ్చింది. మృతుడు భద్రతా పరీక్షలో ఉత్తీర్ణుడు కాలేదు. వాకీటాకీ సంకేతాలకి సంబంధించిన ప్రశ్నకి అతను తప్పు జవాబు రాశాడు. తగిన పరిజ్ఞానం లేక, సంకేతం అర్థం చేసుకోక, తన అజాగ్రత్త వల్ల లోడు కిందికి వెళ్ళాడు. సాక్ష్యం, శిక్షణ కేంద్రం వారు ధ్రువీకరించిన జవాబు పత్రం. అంటే, నా సంతకం.

ఆ తర్వాతి శనివారం నాలుగింటికి మామూలుగానే మెట్ల మీద వరస కట్టారు. కొత్త బ్యాచ్‌వాళ్ళు, రెండోసారి రాసి యాభై ఏడు తెచ్చుకున్న నూకాలు, ఇంకో పది మంది. ఐదో మనిషిగా ఒకావిడ వచ్చింది. నల్ల బురఖా, మొహం తెరిచి ఉంది. పక్కన స్కూలు యూనిఫారంలో ఒక పిల్ల. గుండ్రటి దస్తూరీ ఎవరిదో ఆ పిల్లని చూడగానే తెలిసింది.

"నాను షంషాద్‌నండి. కరీం బాషాగారి ఇంటామెని" అంది ఆవిడ. "శనారం నాలుగింటికి వస్తే తీసుకుంటారని ఆయన సెప్పేవారు."

కూర్చోమన్నాను. అనమ్ ఒక కాగితం టేబుల్ మీద పెట్టింది. ఈసారి ఒకే పేజీ.

"ఏం కావాలమ్మా?" అన్నాను.

"ఆయనకి పని రాదని రాసేరంటండి కంపినీవోళ్ళు" అంది షంషాద్. ఏడవడం లేదు. ఏడుపంతా అయిపోయినట్టుంది. "నా పెళ్ళయిన కాణ్ణించీ సూస్తన్నాను. ఆ పని తప్ప ఆయనకి ఇంకోటి రాదు. అన్నం తింటా కూడా సేత్తో సిగ్నల్లే. పిల్లని ఉయ్యాల్లో ఏస్తా కూడా ఆరియా ఆరియా అనీవోరు. పని రాక సచ్చిపోయేడని రాస్తే ఎలాగండి? మొన్న బడిలో ఎవరో దీన్ని అడిగేరంట, మీ నాన్న ఫెయిలయ్యేడంట కదా అని. రెండు మార్కులు సూడండి మేడమ్. ఆయన బతికుండగా అడిగితే మీరు సదివి కాదన్నారంట. మీరు కాదంటే ఏదో ఉంటాదనే ఆయన అనీవోరు. మళ్ళీ ఒక్కసారి సూడండి."

స్టాంపూ ఇంకు ప్యాడూ నా కుడిచేతి పక్కనే ఉన్నాయి.

"నేను చదవలేదమ్మా" అన్నాను.

"ఏటండి?"

"ఆయన కాగితం నేను అప్పుడు చదవలేదు. చదివానని ఆయనకి అబద్ధం చెప్పాను. చదవకుండానే స్టాంపు వేశాను. ఆయన చనిపోయాక చదివాను."

షంషాద్ అర్థం కానట్టు కూతురి వంక చూసింది. అనమ్ మాత్రం నా మొహం మీంచి చూపు తిప్పలేదు. పదిహేనేళ్ళ పిల్ల చూపు అంత బరువుగా ఉంటుందని నాకు తెలియదు.

సొరుగు తీసి ఫిర్యాదు కాగితం బయటపెట్టాను. బీరువా తెరిచి అసలు ఆన్సరు పేపరు తీశాను. పద్నాలుగో ప్రశ్న దగ్గర సున్నాని కొట్టేసి రెండు వేశాను. యాభై ఎనిమిది కొట్టేసి అరవై వేసి, తేదీ రాసి సంతకం పెట్టాను. ఫిర్యాదు కాగితం మీద, స్టాంపు కింద, ఎర్ర ఇంకుతో రాశాను. "అభ్యర్థి జవాబు సరైనది. పుస్తకంలో మాట తప్పు. నేర్పింది నేను. ఈ ఫిర్యాదు చదవకుండా తిరస్కరించాను." విచారణ అధికారికి ఒక ఉత్తరం రాసి రెండింటినీ దానికి జతచేశాను. శ్రీరామ్మూర్తిగారు గుమ్మంలోకి వచ్చి "కామేశ్వరీ" అన్నారు. నేను తల ఎత్తకుండా రాస్తూ పోయాను. ఆయన ఇంకోసారి పిలవలేదు.

అన్నిటికీ జిరాక్సులు తీయించి, ఒక్కొక్కటి షంషాద్ చేతికి ఇచ్చాను. ఆవిడకి తెలుగు చదవడం రాదు. అనమ్ పేపరు మీద వేలు పెట్టి చూపించింది. "అరవై, అమ్మీ" అంది మెల్లగా.

"అరవై అంటే?"

"పాస్."

షంషాద్ ఆ అంకె వంక చాలాసేపు చూసింది. కాగితం అంచుని వేలితో నిమిరింది. మొహంలో ఒక రకమైన తృప్తి కనిపించింది, అది చూసి నాకు కొంచెం ఊపిరి ఆడింది. ఆలస్యంగానైనా ఒక పని సరిగా చేశాననుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ క్షణాన నన్ను నేను సగం క్షమించుకున్నాను కూడా.

"అంటే ఆయన పాసైపోయినట్టే కదండీ?" అంది.

"పాసయ్యారమ్మా."

"ఇప్పుడు మార్కులు కలిపితే కాదు, పరీచ్చ రాసిన నాడే పాసైనట్టు కదా?"

"అవునమ్మా. ఆ రోజే పాసయ్యారు."

ఆవిడ తలాడించింది. కాగితాలు జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంది. లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

"మరి పాసైన మనిషిని లోడు కిందెందుకు పెట్టేరండి?"

అందులో ఎత్తిపొడుపు లేదు. తెలియక అడిగింది. జవాబు నా దగ్గర ఉంటుందనుకుంది, మేడమ్‌ని కదా. మెట్ల మీదివాళ్ళు కూడా వింటున్నారు. ఐదయింది, ఆరయింది, ఎవరూ కాగితాలు ఇవ్వలేదు. షంషాద్ చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేను చెప్పేదాకా ఆగుదామని, ఆ కుర్చీలో అలాగే కూర్చుంది.